ఏడు అనుకున్న పెట్టె

షార్జాలో పాత సామాను వ్యాపారం చేసేవాళ్లలో నా అంత గురి ఉన్నవాడు ఇంకొకడు లేడు. రుజువు కావాలంటే చూపిస్తాను. చనిపోయిన ఒక మనిషి కాగితాలు ఆరు పెట్టెలు కొన్నాను. ఆ ఆరింటిలో ఒకదాని కోసమే ఒక మనిషి విమానం ఎక్కి వచ్చింది. నేను మిగతా ఐదింటి జోలికి పోకుండా, సరిగ్గా ఆ ఒక్కదాన్నే ఏరి, మూత విప్పి, అందులోని కాగితాలు గాజు గ్లాసులకు చుట్టి ఎమిరేట్లన్నిటా పంచిపెట్టాను. కళ్లకు గంతలు కట్టి కొట్టమన్నా ఎవరూ అంత సూటిగా కొట్టలేరు.

దీని వెనక మా ఇంటి చదువు ఉంది. మాది జగిత్యాలలో కిరాణా దుకాణం. మా నాన్న బియ్యం కొలిచేటప్పుడు మొదటి మానికను 'ఒకటి' అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. లాభం, రెండు, మూడు... అలా ఆరు దాకా పోయి, ఏడు దగ్గర ఆగి 'ఆరున్నొక్కటి' అని, ఎనిమిదిలోకి దూకేవాడు. ఏడు అంటే ఏడుపు. దుకాణంలో ఏడుపును నోటితో పిలవకూడదు. నేను బడిలో ఎక్కాలు కూడా అలాగే చెప్పి దెబ్బలు తిన్నాను. దెబ్బలతో బడి చదువు వచ్చింది గానీ దుకాణం చదువు పోలేదు. ఇండస్ట్రియల్ ఏరియాలో గోడౌను తీసుకుని ఇన్నేళ్లయినా కుర్చీలు లెక్కపెడితే లాభం దగ్గరే మొదలుపెడతాను.

ఆ కాగితాల మనిషిని నేను ఒక్కసారి చూశాను. ఎత్తుగా, ఎండకు కమిలిన మెడతో ఉన్న జర్మన్ ముసలాయన. ఎప్పుడో ఏదో స్కూల్లో పిల్లలకు సంగీతం నేర్పడానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయి, ఉమ్ అల్ క్వైన్‌లో నీటి ఒడ్డున ఒక పాత విల్లాలో సంగీతం రాసుకుంటూ బతికాడట. ఇదంతా తరవాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఆయన నా గిన్నెల అర ముందు నిలబడి, జేబులోంచి పెన్సిల్ తీసి, ఒక్కో గిన్నెనూ తట్టి, తల వంచి వింటున్నాడని. మా వైపు కుండను తట్టేది పగులు పట్టుకోవడానికే. కాబట్టి, గట్టి గిరాకీ, జాగ్రత్తగా ఉండాలి అనుకున్నాను. ఆయన మంచి గిన్నెలన్నీ పక్కన పెట్టేసి, నీలం అంచున్న ఒక పగుళ్ల గిన్నె తీసుకున్నాడు. దాన్ని మళ్లీ తట్టాడు. ఠప్పుమని మొదలై, చివర సన్నగా వణికే చప్పుడు. నేను బేరానికి జాగా ఉంచుకుని మంచి గిన్నె ధరే చెప్పాను. అడిగినంతా ఇచ్చేసి, థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. బేరం ఆడకుండా పోయిన మనిషి మీద నాకు చాలా రోజులు కోపంగా ఉండింది. ఇంకాస్త చెప్పి ఉండాల్సింది అనిపించేది.

రెండు వేల ఇరవైలో ఊళ్లకు ఊళ్లు తలుపులు వేసుకున్నప్పుడు నా వ్యాపారం మాత్రం పెరిగింది. గొప్పగా చెప్పుకునే విషయం కాదు గానీ నిజం. ఉద్యోగాలు పోయిన కుటుంబాలు విమానం దొరికిన మరునాడే పోవాలి. సోఫా, మంచం, మిక్సీ, పిల్లల సైకిలు అన్నీ కలిపి ఒకే మాటకు ఇచ్చేసేవాళ్లు. తలుపు చెక్క మీద పిల్లల ఎత్తు గీతలు గీసి ఉన్న ఇళ్లలోంచి నేను సామాను మోయించాను. గోడౌను నిండేకొద్దీ లోపలికి పోవాలంటే జంకుగా ఉండేది. అన్ని ఇళ్ల వాసనలూ ఒకచోట చేరితే అది ఏ ఇంటి వాసనా కాకుండా పోతుంది.

ఆ వేసవిలో ఉమ్ అల్ క్వైన్ విల్లా చూసుకునే ముదీర్, అంటే మేనేజరు, ఫోన్ చేశాడు. అద్దెకున్న జర్మన్ ఆసుపత్రిలో చనిపోయాడు, సొంతవాళ్లు రాలేకపోతున్నారు, విల్లా ఖాళీ చేయించాలి, పియానో ఉంది అన్నాడు. పియానో అనగానే నాకు చెవులు నిక్కాయి. పికప్ తీసుకుని పోయాం, నేనూ, మా పఠాన్ డ్రైవరూ, ఇద్దరు కూలీలూ. ముసలాయన ఎవరో నాకు అక్కడ తెలిసింది. పియానో మూత మీద నీలం అంచు గిన్నె ఉంది, నిండా పెన్సిళ్లు. ఏసీ ఎవరూ ఆపలేదు, ఖాళీ గదిని అన్ని వారాలూ చల్లబరుస్తూనే ఉంది. నా ఒంట్లో సన్నగా వణుకు పుట్టింది. నేను ఏసీ చలి అనుకున్నాను.

గోడ పక్కన ఆరు అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి, అన్నీ కాగితాలే. అవి వద్దన్నాను. ముదీర్ చేతులు దులుపుకున్నాడు. "కుల్లు, మొత్తం తీసుకెళ్లు, లేకపోతే ఏదీ వద్దు. ఖలాస్." నేను ఎంత గింజుకున్నా దిగలేదు. సరేలే, చేతి రాత కాగితాలు తెల్లవాళ్లు ఎప్పటికైనా కొంటారని ఎక్కడో విన్నాను, ఉంచుదాం అనుకున్నాను. పగుళ్ల గిన్నె మాత్రం ఎవరు కొంటారు? పెన్సిళ్లు తీసుకుని, గిన్నెను బయట చెత్తడబ్బాలో వేయించాను.

తిరుగు దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వెనక పియానో లోపలినుంచి మూలిగేది. ఒకటే మోత, కాసేపు ఆగకుండా. పఠాన్ పెదవులు కదులుతున్నాయి, ఏదో చదువుకుంటున్నాడు. "సేఠ్, అందర్ కోయీ బైఠా హై," అన్నాడు. లోపల ఎవరూ కూర్చోలేదురా, తీగలు అవి అన్నాను. అన్నాను గానీ నేనూ అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాను.

గోడౌనులో పెట్టెలు దింపాక మా ఆవిడ లెక్క చూసింది. సరుకు లెక్క ఎప్పుడూ ఆమెదే. పెట్టెల మీద ముసలాయన లావుపాటి నల్ల అంకెలు వేశాడు. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఇంకొకటి ఏడు. ఒకటి ఎక్కడా లేదు. మా ఆవిడ మళ్లీ ఒకసారి చూసి నడుం మీద చేయి పెట్టుకుంది.

"లాభం లేదు, ఏడ్పు ఉంది. గిదేం సరుకు తెచ్చినవయ్యా?"

"పియానో వెంట వచ్చింది."

"మీ నాయిన ఉంటే గడప దాటనిస్తుండెనా? ముందుగాల గా ఏడ్పును బయటికి తోలు."

నవ్వాను గానీ నాకూ లోపల అదే ఉంది. అదీగాక అప్పుడు పేపర్లు ఇంటింటికీ వేయడం ఆపేశారు, గాజు సామాను చుట్టడానికి కాగితం కరువు. ఏడు నంబరు పెట్టె విప్పాను. మందపాటి కాగితాలు, ఐదేసి గీతలు, గీతల మీద చీమల్లా చుక్కలు. పేజీల మూలన ఏడు, డెబ్బై ఏడు అని అంకెలు, కింద ఏడుతో మొదలయ్యే నాలుగంకెల సంఖ్యలు. సరుకు నంబర్లేమో అనుకున్నాను. ప్రతి కాగితం మీదా ఏడుపే ఉంది కదా అని మనసు కుదుటపడింది కూడా. చెడ్డ సరుకు ముందు పోవాలనేది మా నాన్న సూత్రం. ఆ ఏడాది మా దగ్గర కొన్న ప్రతి గ్లాసూ, ప్రతి పింగాణీ ప్లేటూ ముసలాయన కాగితంలోనే పోయాయి.

పియానో ఒక హోటలుకు మంచి ధరకు అమ్మాను. అది పోయాక గోడౌను నిశ్శబ్దమైపోతుందనుకున్నాను. కాలేదు. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా గిన్నెల అర వణికేది. ఆ అర ఎప్పుడూ వణికేదే, నేనే ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు మాత్రం ఆ వణుకు మొదలవగానే మాట ఆపి వినేవాణ్ణి. గిరాకీ ముందు అలా నిలబడిపోయి రెండు మూడు బేరాలు పోగొట్టుకున్నాను కూడా. ఏదో ఒక చప్పుడు అందులో లేదు అనిపించేది. ఏదని అడిగితే చెప్పలేను.

విమానాలు మామూలుగా తిరగడం మొదలయ్యాక ఒక చలికాలం పొద్దున ముసలాయన కూతురు వచ్చింది. ముదీర్ నా అడ్రసు ఇచ్చాడట. యాభై దాటిన మనిషి, తండ్రి ఎత్తే. నా ముక్కల ఇంగ్లీషూ ఆమె నిదానపు ఇంగ్లీషూ కలిసి మాట నడిచింది. తండ్రితో ఆమెకు ఎన్నో ఏళ్లు మాటల్లేవు. ఆసుపత్రి నుంచి ఆయన చివరిసారి ఫోన్ చేశాడు. ఊపిరి అందడం లేదు. ఒక్కటే చెప్పాడట: ఆరు పెట్టెలున్నాయి, నా గురించి తెలుసుకోవాలంటే మొదటి పెట్టెతో మొదలుపెట్టు. అప్పుడు సరిహద్దులన్నీ మూసి ఉన్నాయి. వాళ్ల ఊళ్లో ఒక లైబ్రరీ ఆ కాగితాలన్నీ భద్రం చేయడానికి ఒప్పుకుంది. లైబ్రరీ సంగతి తరవాత, ముందు మొదటి పెట్టె తను చూసుకోవాలి అంది.

నేను ధర మనసులో అప్పటికే కట్టేశాను, ఆమె బూట్లు చూసి. ఐదు పెట్టెలూ తెచ్చి ముందు పెట్టాను. ఆమె ఒక్కోదాని మీదా చేయి వేసి, అంకె చూసి, తల ఎత్తింది.

"ఒకటి ఏది?"

ఒకటి లేదు, ఒట్టు అన్నాను. మీ నాన్నగారు రెండుతోనే మొదలుపెట్టారు. నేనూ మా ఆవిడా ఇద్దరం చూశాం. రెండు నుంచి ఆరు, తరవాత ఏడు అన్నాను. ఏడు లేదు, ఆరు పెట్టెలే అని ఆయన చెప్పాడే అంది. నేను ఉంది అంటే ఆమె లేదు అంది. బేరంలో అబద్ధం ఆడే మనిషి మొహం నాకు తెలుసు, ఆమెది అలా లేదు. నాదీ లేదు. చివరికి ఆమె నా బల్ల మీది పెన్ను తీసుకుని, అట్టముక్క మీద ఒక గీత కింది నుంచి ఏటవాలుగా పైకి లాగి, అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి దించింది.

"మేము ఒకటిని ఇలా రాస్తాం," అంది.

అది ఏడు. ఏ దుకాణంలో చూపించినా ఏడే. ఏడు ఎలా రాస్తారు మరి అని అడిగాను. రాసి, నడుం మధ్యలో అడ్డగీత కొట్టింది. ఆ అడ్డగీత పెట్టె మీద లేదు. కాగితాల మీదా లేదు. డెబ్బై ఏడు అనుకున్నవి పదకొండు. సరుకు నంబర్లు అనుకున్నవి ఆయన రాసుకున్న సంవత్సరాలు. మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకు మా నాన్న మానిక కళ్ల ముందు ఆడింది. లాభాన్ని చేతిలో పెడితే ఏడుపు అనుకుని బయటికి తోలాం.

ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కోప్పడుతుందని చూశాను, కోప్పడితే చెప్పాల్సిన జవాబు సిద్ధంగా ఉంది. ఆమె గ్లాసుల అర వైపు చూస్తూ, వాటిని ఎవరికి అమ్మారు అని మాత్రం అడిగింది.

నేను ఏ సామాను ఎక్కడ దింపానో మరిచిపోయే మనిషిని కాను. మరునాటి నుంచి పఠానూ నేనూ తిరిగాం. చాలామంది దేశం వదిలి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు, చుట్టిన కాగితం ఎవరు దాస్తారు అని వింతగా చూశారు. అయినా దాచేవాళ్లు ఉన్నారు, దేవుడి దయ వల్ల మనవాళ్లు ఉన్నారు. ఇండస్ట్రియల్ ఏరియాలోనే ఒక లేబర్ క్యాంపు మెస్సులో నిజామాబాద్ వంటాయన నా ప్లేట్ల కాగితాలు పూరీల నూనె పీల్చడానికి వాడుతున్నాడు. మిగిలినవి రెండు ఇచ్చాడు. నూనెకు కాగితం గాజులా అయిపోయి, ముందు వైపు చుక్కలూ వెనక వైపు చుక్కలూ ఒకేసారి కనిపిస్తున్నాయి.

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో ఒక విజయవాడ ఆవిడ ఆ కాగితాలన్నీ వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచింది. మందంగా ఉన్నాయి, బాగా ఆగుతున్నాయి అని మెచ్చుకుంది. విషయం చెప్పి ఇవ్వమన్నాను.

"ఇస్తానండీ, ఎందుకివ్వనూ. మరి నా అరలు బోసిగా ఉండాలా? కొత్త కాగితం తెచ్చి మీరే పరిచి పెట్టండి అన్నయ్యగారూ. పూల డిజైను ఉండాలి."

"మామూలు తెల్ల కాగితం తెస్తనమ్మా."

"అయితే వద్దులెండి. డబ్బాలు దింపడమంటే నాకు నడుం నొప్పి."

పూల డిజైనే తెచ్చాను. నా జీవితంలో అంత సూటిగా నన్ను ఓడించిన బేరం లేదు. పఠాన్ డబ్బాలు దింపాడు, నేను కొత్త కాగితం పరిచాను. చుక్కల మధ్య పసుపు మరకలు, పోపుగింజల గుర్తులు. వాటిలో ఏవి సంగీతమో, ఏవి ఆవాలో చెప్పడం నా వల్ల కాలేదు.

అన్నీ కలిపి పదకొండు కాగితాలు దొరికాయి. గోడౌనులో గ్రానైట్ డైనింగ్ టేబుల్ మీద ఆమె వాటిని వరసగా పేర్చింది. మధ్యలో ఖాళీలు వదులుతూ పోయింది. అన్నిటికంటే ముందు ఖాళీ వదిలింది. రెండో పేజీ ఉంది, మొదటిది లేదు. ఆమె వేలితో చుక్కల వెంట పోతూ పెదాల్లో ఏదో అనుకుంది. ఇది వాయిద్యాలకు కాదు, ఇంట్లో వాడే గిన్నెలకు, గ్లాసులకు రాశాడు అంది. ఎక్కడికక్కడ పక్కన జర్మన్‌లో ఒకే మాట ఉంది. చదివి చెప్పింది: "మళ్లీ పగిలిన గిన్నె, మొదట్లో లాగే."

గిన్నెల అర వైపు నేను చూడలేకపోయాను.

ఊరుకుంటే సరిపోయేది. ఆ గిన్నె సంగతి ఆమెకు తెలియదు, తెలిసే దారీ లేదు. పాత సామాను వ్యాపారంలో సగం లాభం నోరు మూసుకోవడంలోనే ఉంది. అంతలో బయట లారీ పోయింది. అర వణికింది. వినపడని ఆ చప్పుడు ఏదో నాకు అప్పుడు తెలిసింది.

"ఆ గిన్నె ఆయనకు అమ్మింది నేనే," అన్నాను. "ఆయన పోయాక చెత్తలో వేయించిందీ నేనే."

ఆమె వేలు ఆ జర్మన్ మాట మీదికి తిరిగి వచ్చింది. తరవాత అడిగింది. "దాన్ని తడితే ఎలా ఉండేది? విన్నారా?"

విన్నాను. బతికి ఉన్నవాళ్లలో విన్నది బహుశా నేనొక్కణ్నే. ఏ వస్తువునైనా చూడగానే ధర చెప్పే నోరు, ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేకపోయింది. ఠప్ అన్నాను. కాదు, చివర వణుకుతుంది అన్నాను. అదీ కాదు. లేచి ముసలాయన పెన్సిల్ ఒకటి తీసుకున్నాను. అప్పటికీ నా డ్రాయర్లో ఉన్నాయి అవి. అర ముందు నిలబడి తట్టడం మొదలుపెట్టాను. మంచి గిన్నెలన్నీ మంచిగా మోగాయి, పక్కన పెట్టాను. మా ఆవిడ గోడౌను మూలల్లోంచి విరిగినవీ, చెక్కు లేచినవీ, ఎవరూ కొననివీ ఏరి తెచ్చి అందించింది. ముసలాయన ఎలా తల వంచాడో నేనూ అలాగే వంచానని తరవాత చెప్పింది. ఆ రోజు ఆయన నిలబడిన చోటే నిలబడ్డాను. అది మాత్రం నాకే తెలిసింది, మెడ వెనక చల్లగా తగిలి.

మధ్యాహ్నం దాటాక ఒక గులాబీ అంచు సూపు గిన్నె, వెంట్రుక లాంటి పగులు ఉన్నది, తట్టగానే నా చేయి ఆగిపోయింది. అదే కాదు. కానీ దానికి తోబుట్టువు. ఇంకోసారి తట్టాను. ఆమె ఫోను పట్టుకుని రికార్డు చేసింది. ఇది ఎంత దగ్గర అని అడిగింది. పక్క వీధి అన్నాను. ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంది. ఈ గిన్నె ఎంత అని అడిగింది. అలవాటు పాడుగాను, వాళ్ల నాన్నకు చెప్పిన ధరే నా నోట్లోంచి వచ్చింది. అడిగినంతా ఇచ్చేసి థ్యాంక్స్ చెప్పింది. ఆయన కూతురే.

కొన్నాళ్లకు ఫోటో పంపింది. లైబ్రరీలో ఒకటో నంబరు పెట్టెలో పదకొండు మరకల కాగితాలు, గుడ్డలో చుట్టిన గులాబీ గిన్నె. మూత మీద ఒకటి, అది చూడ్డానికి ఏడు. గోడౌనులో గిన్నెల అర ఇప్పటికీ వణుకుతుంది. పగిలినవి నేను పారేయడం మానేశాను. వాటికి ధర కూడా వేయలేదు. మా ఆవిడ ఏదైనా లెక్కపెట్టేటప్పుడు మొదటిదాని దగ్గర ఒక్క క్షణం ఆగి, 'ఒకటి' అంటుంది.

ఇక లెక్క. పియానో మీద లాభం బాగానే వచ్చింది, అది నాదే, తిరిగి ఇవ్వలేదు. ఐదు పెట్టెలకు డబ్బు తీసుకోలేదని రాయాలని ఉంది గానీ తీసుకున్నాను. కట్టిన ధరలో సగమే తీసుకున్నాను, ఆ సగమూ తిరగడానికి పోసిన పెట్రోలుకు, పూల కాగితానికి పోయిందని చెప్పుకుంటాను. నిజానికి కొంత మిగిలింది. చెత్తలో వేసిన గిన్నె ఒకసారి అమ్మాను, దాని బదులు గిన్నె ఇంకోసారి అమ్మాను, రెండిటికీ మంచి గిన్నె ధరే తీసుకున్నాను. పెన్సిళ్లు ఇవ్వడం మరిచిపోయాను. ఆమెకు నేను ఇవ్వాల్సింది, ఇవ్వలేనిది: ఒకటో పేజీ.